సువర్చల ఇంటి కప్పు

సువర్చల భర్తని వదిలేసి కాకినాడ వచ్చి ఆరేళ్ళవుతోంది. సామాన్లు ఆటోలో వచ్చాయి. భర్త ఇంటి కప్పు మాత్రం ఆమె వెనకాలే నడుచుకుంటూ వచ్చి, అద్దెవాటా కప్పుని పక్కకి జరగమని చెప్పి, ఆ జాగాలో పడుకుంది. ఇంటివాళ్ళు అభ్యంతరం పెట్టలేదు. పాత సామాను వెంట తెచ్చుకోనివాళ్ళు ఎవరున్నారు అన్నారు.

ఆ కప్పుకి సువర్చల బాగా తెలుసు. ఆమె గట్టిగా నవ్వితే అది జానెడు కిందికి దిగుతుంది. తనకి నచ్చిన రంగు దుప్పటి కొనుక్కుంటే ఇంకో జానెడు. "తప్పు నాదేలెండి" అంటే కాస్త పైకి లేస్తుంది. అందుకని ఆమె ఇంట్లో ఎవరూ లేకపోయినా ఆ మాట అంటూ ఉంటుంది, పాలు పొంగినప్పుడూ, కరెంటు పోయినప్పుడూ.

ఆమె పొడగరి. ఆడపిల్లల కాలేజీలో వాలీబాల్ నేర్పుతుంది. పెళ్ళికి ముందు ఆమె నెట్ దగ్గర ఎగిరి కొట్టిన బంతిని తిరిగి లేపినవాళ్ళు జిల్లాలో లేరు. ఇప్పుడు పిల్లలకి కింద నిలబడే చెబుతుంది. ఎగరదు. ఇంట్లో నడుం వంచి తిరుగుతుంది, ఒక్కోరోజు మోకాళ్ళ మీద వంట చేస్తుంది.

భర్త శ్రీధరమూర్తి ఆమెని ఏనాడూ కొట్టలేదు. కేకలు వెయ్యలేదు. నిట్టూర్చేవాడు. ఆ తర్వాత రోజుల తరబడి మాట్లాడేవాడు కాదు. ఏం జరిగిందని అడిగితే, "ఏం జరిగింది? అన్నీ నువ్వే ఊహించుకుంటావు" అని జాలిగా చూసేవాడు. అంత నెమ్మదస్తుడు దొరకడం అదృష్టమని అక్క అనేది. ఆయన పక్కన నడిచేటప్పుడు సువర్చల భుజాలు కుదించుకునేది. అలా చెయ్యమని ఆయన అడగలేదు. ఆమె పక్కన ఆయన పొట్టిగా కనపడ్డ రోజున ఆయన నిట్టూర్పు పొడుగ్గా ఉండేది, అంతే.

ఒక మధ్యాహ్నం పైవాటాలోకి కొత్తగా వచ్చిన జైతూన్ బీ తలుపు కొడుతుంది. ఆవిడ రిటైరయిన నర్సు.

"మీ కప్పు దిగినప్పుడల్లా మా వంటిల్లూ దిగుతోందమ్మా. గ్యాస్ బండ దొర్లిపోతోంది," అంటుంది.

"తప్పు నాదేనండి."

కప్పు కొంచెం లేస్తుంది. జైతూన్ బీ కప్పుని చూస్తుంది, సువర్చలని చూస్తుంది. చెప్పులు విప్పి, వంగి లోపలికి వచ్చి, నేలమీద కూర్చుంటుంది.

"ఆయన కొట్టేవాడా?"

"లేదండి. నిట్టూర్చేవాడు."

"అయితే దెబ్బ ఎక్కడ తగిలిందో వెతుక్కోడానికే ఏళ్ళు పట్టుంటాయి."

సువర్చల మాట నమ్మిన మనిషి ఎదురవడం ఇదే మొదలు. ఆమె కళ్ళలోంచి నీళ్ళకి బదులు సున్నం పొడి రాలుతుంది. జైతూన్ బీ మూలనున్న చీపురు అందుకుని ఊడుస్తుంది.

మర్నాటి నుంచి ఇద్దరూ మధ్యాహ్నాలు కలిసి కూర్చుంటారు. జైతూన్ బీ ఒకటే పని పెడుతుంది. సువర్చల ఒక నిజం చెప్పాలి. చెప్పాక తప్పు నాదే అనకూడదు.

"నాకు కాకరకాయ పులుసు ఇష్టం లేదు," అంటుంది సువర్చల.

కప్పు దబ్బున దిగుతుంది. ఇద్దరూ వెల్లకిలా పడుకోవాల్సి వస్తుంది. ముక్కులకి సున్నం అంటుకుంటుంది. ఎవరి గుండె అంత గట్టిగా కొట్టుకుంటోందో తెలియదు, కప్పుదే కావచ్చు.

"మీరు వెళ్ళిపోండి పిన్నిగారూ. నలిగిపోతారు."

"ఎక్కడికెళ్ళను? నా ఇల్లు దీనిమీదే ఉంది. మళ్ళీ అనమ్మా."

సువర్చల మళ్ళీ అంటుంది. మాట మారదు. కప్పు చాలాసేపు ఎదురుచూస్తుంది. ఆమె ఇంకేమీ అనకపోయేసరికి, విసుగ్గా, వేలెడు లేస్తుంది.

ఎండాకాలం అలా గడుస్తుంది, వానాకాలమూ గడుస్తుంది. ఒకరోజు కాలేజీలో ప్రిన్సిపాల్ కోర్టు దగ్గరికి వచ్చి, తన గదిలో ఫ్యాన్ తిరగడం లేదని నిట్టూరుస్తాడు. కప్పు ఊరంతా దాటుకుని వచ్చి, ఆరుబయట కోర్టులో ఆమె మీద వాలుతుంది. సువర్చల మట్టిలో ముడుచుకుపోతుంది. సాయంత్రానికి ఎలాగో ఫోన్ తీసి జైతూన్ బీని పిలుస్తుంది.

"ఇన్నాళ్ళ కష్టమూ పోయింది పిన్నిగారూ."

"పోలేదు," అంటుంది జైతూన్ బీ, పక్కనే చతికిలబడుతూ. "పోయినసారి కప్పు ఇలా మీద పడినప్పుడు వారం దాకా తలుపు తియ్యలేదు నువ్వు. ఇవాళ పొద్దు గుంకకుండానే నన్ను పిలిచావు."

తర్వాత ఒక ఉదయం సువర్చల మోకాళ్ళ మీద ఉల్లిపాయలు తరుగుతూ, నడుం నొప్పి పుడుతోందని గమనిస్తుంది. ఆ నొప్పి ఆమెదే. ఊహ కాదు. కత్తి పక్కన పెట్టి లేచి నిలబడుతుంది.

కప్పు దారి ఇవ్వదు. ఆమె ఆగదు. కప్పు మొదట బండలా ఉంటుంది, ఆ పైన నానిన అట్టలా, ఆ పైన పెరుగు మీద మీగడలా. ఆమె తల జైతూన్ బీ వంటింట్లో, స్టవ్వుకీ గ్రైండరుకీ మధ్య తేలుతుంది.

జైతూన్ బీ అట్టు తిరగేస్తోంది. "వచ్చావా," అని పైటచెంగుతో ఆమె జుట్టులో సున్నం తుడుస్తుంది.

"పిన్నిగారూ, మీ నేల పాడయింది."

తప్పు నాదే అన్న మాట నోటిదాకా వస్తుంది. సువర్చల దాన్ని నమిలి మింగుతుంది.

"బాగు చేయిద్దాం," అంటుంది.

కప్పు ఇప్పుడు ఆమె నడుం చుట్టూ పావడాలా వేలాడుతోంది. పూర్తిగా ఊడిరాదు. బరువే, కానీ నడవనిస్తుంది. కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆమె కాలేజీకి వెళుతుంది, జైతూన్ బీ కూడా వస్తుంది. పిల్లలు ఏమీ అడగరు. ఒక పిల్ల బంతిని నెట్ మీదికి లేపుతుంది.

సువర్చల ఎగురుతుంది.

బంతి అవతల పడి చాలాసేపయింది. ఆమె ఇంకా దిగలేదు. గాలిలో ఆమె వెన్ను కొంచెం కొంచెంగా సాగుతూనే ఉంది. పిల్లలు తొందరపెట్టరు. జైతూన్ బీ గట్టు మీద కూర్చుని అట్టు తుంపుకు తింటోంది. ఊరి చివర సముద్రం పడక వదిలి లేస్తుంది. వీధుల్లోంచి జాగ్రత్తగా నడిచివచ్చి, మునివేళ్ళ మీద నిలబడి, ప్రహరీగోడకి గడ్డం ఆనించి ఆమెని చూస్తుంది. వెనకాల, ఖాళీ అయిన తడి ఇసుకలో, చేపలన్నీ మొప్పలు మూసుకుని బుద్ధిగా వరుసల్లో కూర్చున్నాయి.