కన్నం పడ్డ పువ్వు

ఒబ్దులియాతో పెళ్లి కుదిరిన ఫిదెన్సియో రోజూ పొద్దున్నే ఆమె ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చునేవాడు. చిక్కుడుగింజల అన్నం, వేయించిన అరటికాయ, రెండు కప్పుల కాఫీ లోపలికి పోయేవి. పెళ్లి మాటెత్తితే పైకప్పు చూసేవాడు. వాణ్ణి మనిషనడానికి నాకు నోరు రాదు.

మా ఊళ్లో పెళ్లి కుదిరిన పిల్లకు చెవి వెనక గ్రనాడిల్యా అనే పండ్ల తీగ ఎర్ర పువ్వు పూస్తుంది. పొడుగు ముక్కు కోలిబ్రీ పిట్ట పువ్వు పువ్వునూ పలకరిస్తూ వచ్చి, ఎదురుగా ముక్కు పెట్టి తేనె తాగి, నుదుటి మీది పుప్పొడి అంటించి పోతుంది. కాయ పండితే సగం పిల్ల, సగం వరుడు తినాలి. అప్పటిదాకా పిల్ల ఊరి చివరి వంతెన దాటకూడదు. లిమోన్ పట్నంలో రొట్టెల కొట్టు పెట్టిన అక్క రమ్మంటున్నా ఒబ్దులియా ఇంట్లోనే మగ్గిపోతోంది.

ఆమె దగ్గరికి వచ్చేది పొట్టి ముక్కు పిట్ట. పువ్వు మొదలు దగ్గర కన్నం వేసి, తేనె జుర్రుకుని, పుప్పొడి ముట్టకుండా పోయేది. ఛీ, అదీ ఒక తిండేనా! సాయంత్రానికి కాయ పడకుండానే పువ్వు రాలేది, మర్నాడు ఇంకోటి పూసేది.

"కాయ పడనీ అత్తయ్యా, తొందరేముంది?" అనేవాడు ఫిదెన్సియో ఒబ్దులియా తల్లితో.

ఒకరోజు పొడుగు ముక్కు పిట్ట కిటికీదాకా వచ్చింది. అక్కడ వేలాడే పంచదార నీళ్ల సీసాకు కాపలా ఉన్న పొట్టి ముక్కుది దాన్ని తరిమికొట్టింది. ఫిదెన్సియో హాయిగా నవ్వాడు.

"ఆ సీసా ఎందుకు కట్టావ్?" అంది ఒబ్దులియా.

"నాకు పిట్టలంటే ప్రాణం."

"పిట్టలన్నీనా, ఆ ఒక్కటేనా?"

ఫిదెన్సియో ఇంకో అరటికాయ ముక్క అందుకున్నాడు.

"లే."

"తినడం అవలేదే!"

"ఇన్నేళ్లు తిన్నది చాల్లే. లే!"

"జేబులోని చెంచా తీసి బల్ల మీద పెట్టి పో నాయనా," అంది తల్లి రొమేలియా.

ఒబ్దులియా సీసా నీళ్లు పెరట్లో పారబోసింది. మర్నాడు వరుడు లేకుండానే పువ్వు పూసింది. పొడుగు ముక్కు పిట్ట వచ్చి నింపాదిగా తాగింది. కాయ పడింది, పండింది.

పెళ్లి తేదీ పెట్టడానికి పాదిరీ క్యాలెండరు పట్టుకొచ్చాడు. "వరుడెవరమ్మా?"

"ఎవరూ లేరు ఫాదర్."

ఆమె మూట సర్దుకుని వంతెన దగ్గరికి నడిచింది. పండు తెంపి రెండు చేసి, తన సగం అక్కడే తింది. వరుడి సగం తింటూ వంతెన దాటింది.