గప్పీ పిల్లలకు చాటు

నేను ఒక నీటి బ్రాహ్మి కాడను. కాలవ గట్టున బురదలో పుట్టాను. చేపల తొట్లు అమ్మే ఒకాయన నన్ను కోసి, మరో పది కాడలతో కలిపి రబ్బరు బ్యాండు వేశాడు. ఆ గట్టును మళ్ళీ చూడలేదు. వస్తావా అని నన్ను ఎవరూ అడగలేదు.

నన్ను కొన్నది బాపట్లలో జాకెట్లు కుట్టే మస్తానమ్మ. ఆమె మిషను పక్కన, కిటికీలో ఒక గాజు తొట్టి, అందులో గప్పీ చేపలు. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కన్న కాసేపటికే వాటిని మింగేస్తాయి కూడా. నారింజ తోక చేప అప్పటికి మూడుసార్లు కన్నది. ఒక్క పిల్లా దక్కలేదు. మళ్ళీ దాని పొట్ట నిండుతోంది. ఈసారైనా పిల్లలకు చాటుంటే బతుకుతాయని మస్తానమ్మ నన్ను తెచ్చింది.

ప్రేమ ఉంది గాని పద్ధతి తెలియదు. కట్టను కట్టలాగే ఇసుకలో గుచ్చేసింది. గాలిలో పెరిగిన ఆకులు నీళ్ళలో నిలవవు. అవి రాలాక నీటికి తగినవి వస్తాయి. ఆకులు రాలడం మాకు మామూలే. కట్టు లోపల ఊపిరాడక కాడలు కుళ్ళడం మాత్రం మామూలు కాదు.

పక్కన కూర్చుని హుక్కులు కుట్టే తోడికోడలు కాశింబి ముక్కు మూసుకుంది.

"ఏందక్కా ఈ కంపు? పారెయ్. చచ్చిన మొక్క పిల్లల్నేం కాసుద్ది?"

"చావలేదే. కొసన పచ్చగుంది చూడు."

"నీ కళ్ళజోడు పచ్చదేమో!"

మస్తానమ్మ కట్టు విప్పింది. మెత్తబడ్డ మొదళ్ళు కోయాలి. కూరగాయల కత్తి పెడితే ఒక కాడ నలిగిపోయింది. ఆమె ఆ కత్తి పక్కన పెట్టి, గుడ్డలు కత్తిరించే కత్తెర అందుకుంది. ఆ కత్తెరను ఇరవై ఏళ్ళలో ఎవరి చేతికీ ఇవ్వలేదట.

"అయ్యో అక్కా! తుప్పుపట్టుద్ది! మొన్న కాయితం కత్తిరించబోతే నా మీద ఒంటికాలి మీద లేచావుగా!"

"కాయితానికి ప్రాణం లేదు. నోర్మూసుకుని ఆ గుడ్డ పీలిక ఇటియ్యి."

కణుపు కింద ఒక్క కోత, పీలికతో కత్తెరకు ఒక్క తుడుపు. అలా పదిసార్లు. తరువాత మమ్మల్ని వేలెడు ఎడంతో ఒక్కొక్కరినే నాటింది. మనుషుల చేతులు కోస్తాయని నాకు ముందే తెలుసు. అంత మర్యాదగా కోస్తాయని అప్పుడే తెలిసింది.

వేళ్ళు పట్టాయి. పలచని కొత్త ఆకులు వచ్చాయి. అయినా నాకు దిగులే. నారింజ తోక చేప పొట్ట నాకన్నా తొందరగా పెరుగుతున్నట్టు ఉండేది.

ఒక ఉదయం అది కన్నది. రెండు కళ్ళూ ఒక వణుకూ తప్ప ఏమీ లేని పిల్లలు నా కాడల మధ్యకు వచ్చి పడ్డాయి. తల్లి వెనకే వచ్చింది. దాని నోటికి నా ఆకులు అడ్డుపడ్డాయి. కొన్ని పోయాయి, ఆపలేకపోయాను. మర్నాడు కాశింబి గాజుకు ముక్కు ఆనించింది.

"ఐదు... ఆరు... మాట్లాడమాకక్కా... ఏడు! ఏడున్నయ్!"

మస్తానమ్మ కాలు మిషను తొక్కడం మరిచిపోయింది.

రెండు నెలలకు పిల్లలకు తోకల్లో రంగు వచ్చింది. నేను నీటి పై అంచును తాకాను. మస్తానమ్మ కోయబోతే, పారెయ్యమన్న కాశింబే చెయ్యి పట్టుకుంది.

"కొయ్యమాకక్కా, పాపం."

"కొయ్యకపోతే కిందకి వెలుతురు పడదే. పై ముక్కలు నువ్వు తీసకపో. మూడు పిల్లల్ని కూడా ఇస్తా. చాటు లేకుండా అయ్యెట్టా ఉంటయ్?"

నా పై భాగం స్టీలు డబ్బాలోకి వెళ్ళింది, దాని కింద మూడు పిల్లలు. నాలుగు రోజులకు ఇక్కడ, తెగినచోట, రెండు చిగుళ్ళు వచ్చాయి. బాగానే ఉన్నాను. కాశింబి ఇంటి కిటికీకి ఎండ తగులుతుందో లేదో, కాడలను ఎడంగా నాటిందో లేదో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.