ఊపిరి వంతు

మంగళవారం నుంచి మా కాలనీ కమ్యూనిటీ హాలు నేలకు జానెడు ఎత్తున ఉంటోంది. విన్నమాటను నమ్మే అలవాటు నాకు లేదు. అందుచేత ఒక వెదురు కర్ర తెచ్చి ముందు వైపు నుంచి హాలు కిందికి దూరుస్తున్నాను. వెనక వైపున అది ఏ అడ్డూ లేకుండా బయటికి వస్తోంది. ఆ సందులో పడుకున్న పిల్లి చిరాకుగా కళ్లు తెరిచి, పక్కకు జరిగి, మళ్లీ పడుకుంటోంది.

కారణం స్పష్టమే. కాలనీ బాలుర గాయక బృందం ఆనాటి సాయంత్రం ఒక స్వరం అందుకుంది. ఇంతవరకు ఆపలేదు. స్వరం గాలిలో ఉన్నంతసేపూ హాలు కూడా గాలిలోనే ఉంటోంది. కారణం తెలిసిన విషయాన్ని అద్భుతం అనడం నాకు ఇష్టం ఉండదు. కాలనీవాళ్లూ అనడం లేదు. కింద చల్లగా ఉంటుందని ఆడవాళ్లు మజ్జిగ కుండలు దాస్తున్నారు. ఎక్కడానికి మెట్టు అందనివాళ్ల కోసం ఎవరో ఒక పీట వేశారు.

ఒకే స్వరాన్ని రోజుల తరబడి ఎలా నిలబెడుతున్నారన్నది సరైన ప్రశ్న. బృందాన్ని నడిపే కరుణమ్మ టీచరు పిల్లలకు నేర్పిన నియమం ఒక్కటే: పక్కవాడు ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు నువ్వు పీల్చుకోకూడదు. వాడు ఆగినచోట నువ్వుండాలి, నువ్వు ఆగినచోట వాడుండాలి. ఈ పద్ధతిలోనే పిల్లలు ఒక్కొక్కరుగా ఇంటికి వెళ్లి స్నానం చేస్తున్నారు, అన్నం తింటున్నారు, బడికి పోయి వస్తున్నారు. స్వరం మాత్రం తెగడం లేదు. నియమం వీధిలోకి కూడా పాకింది. తల్లులు తిడితే అన్నదమ్ములు వంతులవారీగా ఏడుస్తున్నారు.

నూకరాజుకు ఈ వంతు ప్రాణం. వాళ్ల నాన్న ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తాడు. బడిలో నూకరాజుది వెనక బల్ల. ఏ ఆటలోనూ ఎవరూ అతణ్ణి ముందుగా పిలవరు. ఇక్కడ మాత్రం అతని గొంతు వచ్చి కూర్చునేదాకా పక్కనున్న ఇస్మాయిల్ ఊపిరి పీల్చడు. ఒకరి ఊపిరి తనమీద ఆధారపడి ఉందని తెలిసిన కుర్రవాడు ఎలా నడుస్తాడో చూడాలంటే సాయంత్రం మా వీధి మలుపులో నిలబడాలి. పెళ్లి ఊరేగింపులో గుర్రంలా మోకాళ్లు పైకెత్తుతూ వస్తాడు.

ఇవాళ శుక్రవారం. నూకరాజు గొంతు జారి కింద పడుతోంది.

చప్పుడు విని నేను హాల్లోకి వెళ్తున్నాను. గచ్చు మీద నల్లగా, నున్నగా, రుబ్బురోలు పొత్రమంత గొంతు. వేలితో తాకితే వెచ్చగా ఉంది. లోపల ఏదో గురగురమంటోంది. అది పడిన మూలకు హాలు ఒరుగుతోంది. హార్మోనియం తనంతట తాను అటు జారి గోడకు ఆనుకుంటోంది.

"ఏరా, లోపల మీసం మొలిసిందేటి?" అని ఒక పిల్లవాడు నవ్వుతున్నాడు.

"ఇకిలించకు, నీ వంతొచ్చింది, పాడు," అంటున్నాడు ఇస్మాయిల్.

సంఘం అధ్యక్షులు పాపారావుగారు ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఏటండీ టీచరుగారూ ఇది! మొన్నేగా సున్నం ఏయించాం. ముందా కుర్రోణ్ణి దింపెయ్యండి."

"దింపితే ఆడి వంతు ఎవరు పీలుస్తారండీ?"

"ఇంకోణ్ణి పెట్టుకోండి."

"మీకు తుమ్ము వస్తే నన్ను తుమ్మమంటారేటండీ?"

పాపారావుగారు కాసేపు నిజంగానే ఆలోచిస్తున్నారు. తరువాత నావైపు తిరుగుతున్నారు. "మాస్టారూ, సైన్సు చెప్పినోరు. మీరు చెప్పండి."

"బరువు మూలన ఉంది కనక ఒరుగుతోంది," అంటున్నాను. "మధ్యకు చేర్చండి."

పిల్లలు కేరింతలు కొడుతూ పొత్రాన్ని దొర్లిస్తున్నారు. దొర్లించేవాళ్లు పాడడం లేదు, పాడేవాళ్లు దొర్లించడం లేదు, అందులోనూ వంతులే. హాలు సరిగ్గా నిలబడుతోంది. కాని మొత్తంగా కిందికి దిగడం మొదలుపెడుతోంది. పిల్లి బయటికి వచ్చేసింది. "మా కుండలండోయ్, కుండలు!" అని కింద నుంచి ఎవరో కేకలు వేస్తున్నారు. నా లెక్కలో తప్పు లేదు. అది సరిపోలేదు, అంతే.

నూకరాజు ఆ రాయిని చంకనెత్తుకుని ఇంటికి పోదామని చూస్తున్నాడు. అది కదలడం లేదు.

"నేనెల్లిపోతానండి టీచరుగారూ," అంటున్నాడు. గాలిలాంటి గుసగుస తప్ప గొంతు లేదు. "నా మూలంగా అందరూ దిగిపోతన్నారు."

అతను గుమ్మం దాకా వచ్చేసరికి అతని వంతు వచ్చింది. ఇస్మాయిల్ తన ఊపిరంతా పాడేసి నిలబడి ఉన్నాడు. మళ్లీ పీల్చడం లేదు.

"పీల్చరా," అంటున్నారు టీచరు.

ఇస్మాయిల్ తల అడ్డంగా ఊపుతున్నాడు. అతని తరువాతివాడు అతని కోసం ఆగాడు, ఆ తరువాతివాడు వాడి కోసం. వరస పొడుగునా ఒక్కొక్క నోరూ మూసుకుంటోంది. స్వరం దారపు పోగులా సన్నబడుతోంది. ఇస్మాయిల్ పెదవులు నీలంగా మారుతున్నాయి.

"ఒరే నూకరాజూ, ఎనక్కి రారా బాబూ!" పాపారావుగారే అరుస్తున్నారు. "పిల్లోడు సచ్చిపోయేలా ఉన్నాడురా! సున్నం పోతే పోయింది!"

నూకరాజు పరిగెత్తి వెనక్కి వస్తున్నాడు. గచ్చు మీద బోర్లా పడుకుని, రాయికి నోరు ఆనించి, ఉన్న గాలంతా అందులోకి వదులుతున్నాడు.

ఆ శబ్దం చెవుల కంటే ముందు నా అరికాళ్లకు తెలుస్తోంది. ఇస్మాయిల్ గుండెనిండా పీల్చుకుంటున్నాడు. వరస మొత్తం తెరుచుకుంటోంది.

హాలు ఒక్కటే పైకి లేవడం లేదు. కాలనీ మొత్తం లేస్తోంది. కిటికీలోంచి చూస్తున్నాను: నీళ్ల ట్యాంకు, చౌక డిపో, ఎదురింటి డాబా, అన్నీ మాతోపాటే పైకి వస్తున్నాయి, వాటి మీద మళ్లీ జానెడు ఎత్తున మేము. "నూతిలో నీళ్లు కూడా లేచి అంచుదాకా వచ్చేశాయండోయ్! చేద అక్కర్లేదు!" అని బయట నవ్వులు, బిందెల మోత.

"నీ చోటదే నూకరాజూ, కదలకు," అంటున్నారు కరుణమ్మ టీచరు. వాళ్ల నాన్న మోసే ఐసు దిమ్మలన్నీ ఒక్కసారి కరిగినట్టు ఆ కుర్రవాడు నేలమీదే నవ్వుతున్నాడు.

అతని స్వరం గచ్చు దాటి, వీధులు దాటి, రేవు దాకా పోతోంది. కొంతసేపటికి తడి అడుగుల చప్పుడు. గుమ్మంలో సముద్రం నిలబడి ఉంది. ఖాకీ నిక్కరు, నూనె రాసి పక్కపాపిడి తీసిన తల, చేతిలో విప్పిన చెప్పులు. నిక్కరు అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నన్నూ సేర్చుకుంటారాండీ?" అని అడుగుతోంది. "నాది మరీ లావు గొంతని ఇన్నాళ్లూ రాలేదండి."

"కాళ్లు తుడుచుకుని రమ్మనండి," అంటున్నారు పాపారావుగారు.

నూకరాజు పడుకున్నచోటే కొంచెం జరిగి గుసగుసగా పిలుస్తున్నాడు. "రారా, ఇక్కడ కాళీ ఉంది."

"నోరు తెరువు, చూద్దాం," అంటున్నారు టీచరు.

సముద్రం నోరు తెరుస్తోంది. కళ్లద్దాలు సరిచేసుకుని నేను వంగి చూస్తున్నాను. నాలుక మీద పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. దవడ దగ్గర తెల్లవారుతోంది. ఒక పడవలో ఎవరో అన్నం వారుస్తున్నారు. గంజి వాసన హాలంతా నిండుతోంది. సముద్రం మొదటి ఊపిరి పీలుస్తోంది. పిల్లల చొక్కాలు, కిటికీ తెరలు, నా తెల్లజుట్టు, అన్నీ ఆ నోటివైపు వంగుతున్నాయి. పడవలన్నీ ఆగిపోయాయి. వంటచేసే మనిషి గరిటె పైకెత్తి పట్టుకుని, ఎప్పుడు దించాలా అని, వంతు చూపించే మా టీచరు చేతివైపు చూస్తున్నాడు.