జీవితాంతం కార్డు

మునివెంకటప్ప టమేటా తోట గట్టు ఎక్కేసరికి వసంతమ్మకు ఆయాసం వచ్చింది. చింతమాకులపల్లె నుంచి నాలుగు మైళ్ళ నడక. వెనకాల పదకొండు మంది ఆడవాళ్ళు, చేతుల్లో సద్ది క్యారియర్లు, తలల మీద తువ్వాళ్ళు. తీరా వచ్చి చూస్తే సాళ్ళ నిండా వేరే ఆడవాళ్ళు వంగి కాయలు కోస్తున్నారు. గలగలా అరవంలో మాట్లాడుకుంటున్నారు. గట్టు చివర ఓబయ్య లారీ నిలబడి ఉంది. సరిహద్దు అవతలి నుంచి మనిషికి యాభై రూపాయలకు కూలీలను తోలుకొచ్చే ఓబయ్య లారీ అది. వసంతమ్మ గుంపుకు అరవై ఇస్తారు.

బాక్సులు లెక్కపెడుతున్న మునివెంకటప్ప తలెత్తాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అదే వసంతమ్మను ఎక్కువ భయపెట్టింది.

"పిలవకుండానే వస్తిమన్నా," అంది. "నీ తోటలో కోతలు మొదలై తొమ్మిది దినాలాయ. ఒక్క మిస్డ్ కాల్ గూడా లేదే? మామింద ఏమన్నా మనసులో పెట్టుకున్నావా?"

"నేనేమి పెట్టుకుంటా వసంతమ్మా? మూడు తూర్లు సేసినా. నీకు ఫోను సేస్తే వొచ్చే దేవుడి పాట రాలా. మిస్డ్ కాల్ ఇచ్చేలోపల ఎవుడో మొగోడు ఎత్తేసినాడు, రూపాయిన్నర పాయ. ఆడ కూలోళ్ళు కావల్లప్పా అంటే, ఈడ యాడుండారయ్యా, పెట్టు ఫోను అని కసిరినాడు. నువ్వు నెంబరు మార్చేసినావేమో అనుకుంటి. కాయ మాగిపోతాంటే నీకోసం ఊరూరా తిరిగేదానికి నాకాడ కాళ్ళుండాయా?"

వసంతమ్మ నడుముకు దోపుకున్న సంచిలోంచి ఫోను తీసి చూసుకుంది. నెల రోజులుగా దాని మీద టవరు గీతలు లేవు. గాలివానకు కొండమీది టవరు పడుకుందని ఊళ్ళో అనుకుంటుంటే తనూ అలాగే అనుకుంది. వేసవి కాపు మొదలయ్యేదాకా పనులూ లేవు కాబట్టి ఫోను మోగకపోవడం వింతగా తోచలేదు.

"ఆదివారం మళ్ళీ కోత ఉండాది," అన్నాడు మునివెంకటప్ప, జాలిపడి. "ఈపొద్దు మాపటేలకల్లా నీ నెంబరేదో నాకు తెలియల్ల. పన్నెండు మందికీ పని ఇస్తా. లేదంటే ఓబయ్యకే సెప్తా. తప్పు పట్టుకోవద్దు."

తప్పు పట్టుకోవడానికి ఏముంది? టమేటా ఒక పూట ఆగదు. మధ్యాహ్నం పలమనేరు మండీలో ధర తెలుస్తుంది, సాయంత్రం రైతు నిర్ణయించుకుంటాడు, తెల్లారేసరికి మనుషులు తోటలో ఉండాలి. ఆ మధ్యలో ఉన్న కాస్త వ్యవధిలో ఎవరు అందుబాటులో ఉంటే వాళ్ళదే పని. అందుకే పోయిన ఏడు ఈ పన్నెండు మందీ తలా ఎనభై రూపాయలు వేసుకుని, మిగిలిన ముప్పై తొమ్మిదీ వసంతమ్మ కలిపి, తొమ్మిది వందల తొంభై తొమ్మిది పెట్టి జీవితాంతం సిమ్ కార్డు కొన్నారు. ప్రాణం ఉన్నన్నాళ్ళూ పనిచేస్తుంది, మళ్ళీ పైసా కట్టక్కర్లేదు అన్నారు. వాడేసిన ఫోను ఒకటి నాలుగు వందలకు దొరికింది. వసంతమ్మ గుంపుకు మేస్త్రి కాబట్టి ఫోను ఆమె నడుమున చేరింది.

ఆ ఫోనుతో వాళ్ళు నడిపిన పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. రైతు ఒక మిస్డ్ కాల్ ఇస్తే ఆరుగురు కావాలని, రెండు ఇస్తే పన్నెండు మందీ రావాలని. వసంతమ్మ తిరిగి ఒకటి ఇస్తే సరేనని, రెండు ఇస్తే వీలుకాదని. ఇంగ్లీషులో పడే పేర్లు ఆమెకు చదవడం రాదు. పద్దెనిమిది మంది రైతుల నెంబర్లలో చివరి మూడంకెలూ నోటికి నేర్చుకుంది. ఏడాదిలో ఒక్కసారి కూడా డబ్బుపెట్టి మాట్లాడలేదు. పైసా ఖర్చు లేకుండా పన్నెండు ఇళ్ళ పొయ్యి వెలిగిస్తున్నానని ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది. ఎవరికి ఉండదు?

గుంపు తిరుగుదారి పట్టింది. ఊరి మలుపు దగ్గర పంకజాక్షి ఆగిపోయింది. పక్కింటి మనిషి, ఇరవై ఏళ్ళుగా ఒకే సాలులో కూలికి వంగిన మనిషి.

"అందరం పోసి కొన్న నెంబరు మొగోడి సేతికి ఎట్ల పాయ వసంతా?" అంది. "నేను అడగతాండానని కాదు. అందురూ అడగతాండారు. అమ్ముకుంటివా?"

ఆ మాటకు వసంతమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఓబయ్య లారీని చూసినప్పటికంటే ఇప్పుడు ఎక్కువ నొప్పి కలిగింది. "నాతో పలమనేరికి రా," అంది. "నీ సెవులతోనే ఇందువు."

పలమనేరు బస్టాండు ఎదుట సుందరరాజు ఫోన్ల కొట్టు ముందు షామియానా వేసి ఉంది. మైకులో ఎవరో కేకలు పెడుతున్నారు. కొత్త ఆఫరట. జీవితాంతం కార్డు ఇప్పుడు నాలుగు వందల తొంభై అయిదుకే. మండీకి వచ్చిన రైతులు, హమాలీలు ఫోటోలు, ఫారాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వసంతమ్మ జనాన్ని తప్పించుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళి ఫోను బల్ల మీద పెట్టింది.

సుందరరాజు కంపెనీకి ఫోను చేశాడు. చాలాసేపు విన్నాడు. పెట్టేశాక బల్ల మీది వస్తువులు అటూ ఇటూ సర్దాడు.

"అక్కా, నీ నెంబరు తీసేసినారు. కొత్త రూలు పెట్టినారు. ఆరు నెలల్లో ఒక్కసారి గూడా వాడకపోతే నెంబరు రద్దు సేసి ఇంగొకరికి ఇచ్చేస్తారంట."

"వాడలేదా? కోతల కాలమంతా దినామూ వాడితిని గదప్పా?"

"మిస్డ్ కాల్ వాడకం కిందికి రాదక్కా. దుడ్డు పడే కాల్ ఒకటన్నా సేసుండల్ల."

వసంతమ్మ బల్ల మీది ఫోను ముందుకు జరిపింది. "మరి పాటకని దుడ్డు కోసినారే?"

ఆ పాట సంగతి కూడా చెప్పాలి. పోయిన సంవత్సరం ఒకరోజు ఫోనులో ఎవరో అమ్మాయి దేవుడి పాట వినిపించి ఏదో నొక్కమంది. గొంతు ఆగితే చాలని వసంతమ్మ ఏదో మీట నొక్కింది. అప్పటి నుంచి నెలకు ముప్పై. ఆపద సమయానికి ఉంటుందని వేయించుకున్న యాభై రూపాయలూ రెండు నెలలకు ఆవిరై, మిస్డ్ కాల్‌కు చాలే చిల్లర మిగిలింది. తమాషా ఏమిటంటే ఆ పాట ఆమె మళ్ళీ ఎప్పుడూ వినలేదు. అది వినబడేది ఆమెకు ఫోను చేసినవాళ్ళకు. డబ్బు చాలకపోయినా పాట మాత్రం కొన్నాళ్ళు మోగుతూనే ఉంది, బాకీ కిందట.

"అది గూడా లెక్కలోకి రాదంట," అన్నాడు సుందరరాజు, గొంతు తగ్గించి.

"దుడ్లు తీసుకున్నప్పుడు నేనుండాను. వాడినానా లేదా అనేటప్పటికి లేను. అంతేనా?"

"నెల ముందర మెసేజి పంపించినారంట గదక్కా."

"ఇంగిలీసు మెసేజీలన్నీ అడ్వటైజుమెంట్లే, సదివేది యేమీ ల్యా, తీసిపారెయ్యమని నాకు సెప్పింది ఎవురు? మీట యాడుండాదో గూడా సూపించినావు నువ్వు!"

వసంతమ్మ అప్పుడు సుందరరాజును నమ్మింది. కార్డు అమ్మిన కంపెనీ ఎక్కడుందో ఆమెకు తెలియదు, ఢిల్లీలోనో బొంబాయిలోనో. ఆమెకు తెలిసిన కంపెనీ ఈ సుందరరాజే. ప్రాణం ఉన్నన్నాళ్ళూ అని చెప్పిన నోరు ఇదే.

కొట్టు గోడకు ఉన్న రూపాయి ఫోను ఎత్తి, బిళ్ళ వేసి, తన నెంబరు తనే నొక్కింది. రెండో మోతకే ఒక మగ గొంతు విసుక్కుంటూ పలికింది. వసంతమ్మ రిసీవరును పంకజాక్షి చెవికీ తన చెవికీ మధ్య పట్టుకుంది.

"మళ్ళీ కూలోళ్ళేనా? దినామూ ఇదే గోలయిపోయింది నాకు!"

"కాదన్నా, కోప్పడొద్దు. నీది యా ఊరు?"

"తడ. లారీ తోల్తా. పేరు చిన్నబ్బ. నీకెవురు కావల్ల?"

"ఈ నెంబరు ఎట్లొచ్చింది నీకు?"

"ఎట్లొచ్చేది యేంది? పోయిన వారం కొంటి. లైఫ్‌టైమంట, మళ్ళా పైసా పనిలేదంట."

పంకజాక్షి ముఖం పాలిపోయింది. వసంతమ్మ రిసీవరు తన చెవికే గట్టిగా ఆనించుకుంది. "అన్నా, ఇది నా నెంబరు. నాకూ అట్లనే సెప్పినారు. నువ్వు మిస్డ్ కాల్‌తో సరిపెట్టుకోవద్దు. నెలకొకసారన్నా దుడ్డుపెట్టి మాట్లాడు. లేకుంటే నీకు తెలీకనే పెరికేసుకుంటారు." అవతలి మనిషి ఏదో అనబోయాడు. రూపాయి అయిపోయి లైను తెగింది.

"నన్ను సెప్పుతో కొట్టు వసంతా," అంది పంకజాక్షి. కళ్ళు తుడుచుకుంది. వసంతమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

షామియానా కింద నుంచి టై కట్టుకున్న కుర్రవాడొకడు ఇదంతా గమనిస్తున్నాడు. కంపెనీ మనిషి, రూపేష్ అని మెడలో కార్డు మీద రాసుంది. నవ్వుతూ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీ బాధ అర్థమైంది. పాత నెంబరు మా చేతుల్లో లేదు. కొత్తది మీకు ఉచితంగా ఇస్తాను, ఇప్పుడే, అరగంటలో పనిచేస్తుంది. మీ గుంపులో పన్నెండు మంది ఉన్నారని సుందరరాజు చెప్పాడు. మీరు చెబితే వింటారు కదా? ఒక్కొక్కరితో ఒక్కో కార్డు తీసుకునేలా చూడండి. ఇవిగో ఫారాలు. పదకొండు సంతకాలు, వేలిముద్రలైనా సరే."

వసంతమ్మ ఫారాలు అందుకుంది. నున్నటి కాగితం. ఇప్పుడే నెంబరు చేతికొస్తే సాయంత్రానికి మునివెంకటప్పకు చెప్పవచ్చు. ఆదివారం పన్నెండు మందికీ పని. ఈ వారం గడిచిపోతుంది.

"తీసుకుందాం వసంతా," అంది పంకజాక్షి నెమ్మదిగా. "మళ్ళా తెల్లారితే తోటతోటా తిరిగి అడుక్కోవల్ల. నేను మిగతావాళ్ళకి నచ్చజెప్తా."

వసంతమ్మ ఫారం తిప్పింది. వెనక వైపు చీమల బారులాగా సన్నటి అక్షరాలు. దాన్ని సుందరరాజు ముందు పెట్టింది.

"సదువు. తెలుగులో సెప్పు. ఒక్క ముక్క గూడా ఇడిసిపెట్టొద్దు."

"అవన్నీ మామూలుగా ఉండేవే అక్కా, ఎవురూ సదవరు."

"అందుకే సదవమంటాండా."

సుందరరాజు రూపేష్ వైపు చూశాడు. రూపేష్ చిరునవ్వు కొంచెం తగ్గింది. వరసలో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. మైకులో కేకలు పెట్టేవాడు కూడా ఎందుకో ఆపాడు. సుందరరాజు గొంతు సవరించుకుని కూడబలుక్కుంటూ చదివాడు. "జీవితాంతం అంటే... కంపెనీకి లైసెన్సు ఉన్నంత కాలం. ఆరు నెలలకొకసారి రెండు వందల రూపాయల రీచార్జి తప్పనిసరిగా... ధరలు, నియమాలు... ముందుగా తెలియజేయకుండానే మార్చుకునే హక్కు కంపెనీకి ఉంది."

"పోయినేడు నాకు అమ్మిన కార్డు మీద గూడా ఇదే ఉండిందా?"

"ఉండిందేమో అక్కా. నేను సదవలా," అన్నాడు సుందరరాజు. అది మాత్రం నిజం చెప్పాడు.

వసంతమ్మ పదకొండు ఫారాలనూ ఒక దొంతిగా చేసి రూపేష్ చేతిలో పెట్టింది.

"నీ కార్డు నాకొద్దప్పా. ఊరికే ఇచ్చినా వొద్దు. ఈ గుడ్డిదాన్ని నమ్మి పదకొండు మంది ఒకసారి మోసపోయినారు. ఈసారి నా సేత్తో నేనే వాళ్ళని తీసుకొచ్చి నీకు అప్పజెప్పల్లా? ఆదివారం నాకు పని పోతే పోనీ. ఈ మాపటేల మునివెంకటప్ప ఇంటికి నడిసిపోయి అడగతా. ఇయ్యకుంటే ఇంగొకరిని అడగతా. నేను మాత్రం ఎవురిసేతా సంతకం పెట్టించను."

"ఆవిడ పొరబడుతున్నారు," అన్నాడు రూపేష్ పైకి, జనం కోసం. "ఆఫర్ ఈ రోజుతో ఆఖరు. వరస కదలండి, కదలండి."

వరస ముందున్నది చెంగయ్య. పాకాల వైపు నుంచి ఆవులు అమ్ముకోవడానికి వచ్చిన ముసలి రైతు. అప్పటికే ఆయన బొటనవేలికి ఎవరో నల్ల సిరా పూశారు. ఫారం బల్ల మీద పరిచి ఉంది. వేలు పెట్టవలసిన చోట రూపేష్ పెన్నుతో గుండ్రంగా గీత గీసి చూపిస్తున్నాడు. చెంగయ్య ఆ గీత వైపు చూశాడు, సుందరరాజు వైపు చూశాడు. సిరా పంచెకు అంటకుండా వేలును గాలిలోకి ఎత్తి పట్టుకున్నాడు.

"రాజా," అన్నాడు, "ఆ యమ్మకి సదివిందేదో, నాకూ ఒకసారి సదువు."