క్వేజార్ కోసం కృతజ్ఞత కూడిక

నాకు గొప్పలు చెప్పుకోవడం ఇష్టం. మేస్త్రీ పని చేసి కూతుర్ని హైదరాబాదులో పీహెచ్‌డీ దాకా చదివించినవాడు చెప్పుకోకపోతే ఇంకెవడు చెప్పుకుంటాడు? అందుకే షారోన్ ఫోన్ చేసి, "నాయనా, ఒకటి దొరికినట్టే ఉంది, ఇంకా చూడాల" అనగానే మా ఊరు అర్ధవీడంతా చాటింపు వేశాను. ఇంకా చూడాలన్నది నా చెవికెక్కలేదు.

ఏం దొరికిందో నాకు అర్థమైనంత చెప్తాను. చాలా దూరాన క్వేజార్లనేవి ఉంటాయి. ఒక్కోదాని నడుమ పెద్ద బ్లాక్ హోల్, దాని చుట్టూ తిరుగుతూ మండిపోయే వాయువు. ఆ వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది, దానికి పద్ధతంటూ ఉండదు. ఎక్కడైనా ఒకటి పద్ధతిగా పెరిగి తగ్గుతోందంటే, అక్కడ రెండు బ్లాక్ హోల్స్ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయేమోనని అనుమానించాలి. పెద్ద కెమెరాలు ఏళ్ల తరబడి అదే ఆకాశాన్ని మళ్లీ మళ్లీ ఫొటో తీయగా వచ్చిన కొలతల్లో షారోన్ వెతికింది. వేల క్వేజార్లలో ఒక్కటి మూడుసార్లు పద్ధతిగా పెరిగి తగ్గింది. ఈ ఏటి కొలతల్లో మళ్లీ తగ్గితే మా పిల్లకు పేరొచ్చినట్టే.

ఇక నేను ఆగుతానా? ఆదివారం ఆరాధన తర్వాత చర్చి ముందు షామియానా వేయించి కృతజ్ఞత కూడిక పెట్టేశాను. మా సంఘంలో ఉద్యోగమొచ్చినా, ఇల్లు కట్టినా కూడిక పెడతారు. క్వేజార్‌కు పెట్టింది నేనొక్కణ్ణే.

ఆ పొద్దున మటన్ పొయ్యి మీద ఉడుకుతోంది. ఊరికి వచ్చిన షారోన్ ల్యాప్‌టాప్ ముందు అలాగే కూర్చుండిపోయింది.

"కొత్త కొలతలు వచ్చినాయి నాయనా. తగ్గలా. పెరిగింది."

"ఐతే ఏంది?"

"పద్ధతి లేదు దానికి. ఊరికే పెరగతా తగ్గతా ఉండింది. మూడుసార్లు అట్ల కుదిరిందంతే."

అంతలో పీహెచ్‌డీ చేయిస్తున్న వాళ్ల సారు ఫోన్ చేశారు. పాత కొలతలతోనే పేపర్ పంపిద్దాం, కొత్తవి తర్వాత చూసుకుందాం, ఆలస్యమైతే ఇంకెవరో రాసేస్తారన్నారు. స్పీకర్‌లో నాకంతా వినపడింది.

"లేదు సార్. పెరిగిందని తెలిసి కూడా తగ్గుతుందని ఎలా రాస్తాను?" అని పెట్టేసింది.

ఊరంతా తిండికి వస్తోంది. "ఈ ఒక్కపూట బయటపెట్టొద్దులే అమ్మా. నా మొగం చూడు" అని బతిమాలాను. ఆమె ల్యాప్‌టాప్ మూసేసి లేచింది.

కూడికలో పాస్టరు గారు, "పాల్ రాజు గారు రెండు మాటలు చెప్తారు" అన్నారు. నేను లేచేలోపే షారోన్ మైకు తీసుకుంది.

"అందరికీ వందనాలు. నాకు ఆకాశంలో ఏదో దొరికిందని మా నాయన చెప్పినాడు. దొరకలేదు. వరసగా రెండేళ్లు వాన బాగా పడితే ఇంక ఇట్లనే పడతాదని అనుకుంటాం గదా, మూడో ఏడు ఎండగొడతాది. ఇదీ అట్లనే. నేను తొందరపడినాను."

మా బామ్మర్ది ఏబేలు ఊరుకునే రకం కాదు. "నువ్వు చెప్పకుంటే ఎవరికి తెలుస్తాది తల్లీ?"

"ఇప్పట్లో ఎవరికీ తెలీదు మామా. నాకు తెలుసు గదా."

ముందు నాకు ఒళ్లు మండింది. ఇంత ఖర్చు పెట్టి అందరి ముందూ నవ్వులపాలయ్యాననుకున్నాను. తల ఎత్తి చూస్తే ఆమె మైకు వదలకుండా, ఇంకెవరైనా అడుగుతారేమోనని అందరి వైపూ చూస్తోంది. నా బిడ్డ అది. పేపర్‌లో పేరు పడి ఉంటే సంతోషపడేవాణ్ణి. ఇంత గర్వపడేవాణ్ణి మాత్రం కాదు.

ఏబేలు పగలబడి నవ్వాడు. "మరి ఈ కూడిక దేనికి పెట్టినట్టు బావా?"

లేచి వెళ్లి మైకు అందుకున్నాను.

"ఇప్పుడు విన్నావే, దీనికే. పాస్టరు గారూ, ప్రార్థన చేయండి."