ముందు చక్రాలు మామవి

చంద్రు జీపుకు క్రౌన్ దొరక్కపోతే ఏ గొడవా ఉండేది కాదు. రెండు రకాలు దొరకడమే అతని ప్రాణం మీదికి తెచ్చింది.

తొంభై రెండు, జూలై నెల. కోదాడలో నాగేశ్వర్ రావు మెకానిక్ షెడ్డులో జీపు దిమ్మెల మీద నిలబడి ఉంది. ముందు ఇరుసులోనూ వెనక ఇరుసులోనూ చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం ఉంటుంది, దాన్నే క్రౌన్ అంటారు. రెండూ అరిగిపోయాయి. సూర్యాపేటలో పాత సామాన్ల కొట్టు వాడు రెండు రకాలు చూపించాడు. ఒకటి లాగే క్రౌన్. దానితో జీపు నిదానంగా పోతుంది గాని ఎంత బరువైనా ఈడుస్తుంది. రెండోది ఉరికే క్రౌన్. దానితో రోడ్డు మీద గాలిలా పోతుంది, వెనక బరువు కడితే మాత్రం మొరాయిస్తుంది.

"లాగాలా, ఉరకాలా? ఏదో ఒకటి తేల్చుకుని రండి," అన్నాడు నాగేశ్వర్ రావు.

లాగాలని చంద్రుకు తెలుసు. నడిగూడెం దగ్గరి వాళ్ల తండా ఆడవాళ్లు ఏటా త్రిపురారం కాలువ కింద నాట్లకు పోతారు. కిందటేడు పొలం గట్టు మీద టార్పాలిన్ పట్టా కప్పుకుని పడుకుంటే వాన దంచి కొట్టింది. చంద్రు కూతురు తారకు జ్వరమొచ్చి పదకొండు రోజులు మిర్యాలగూడ దవాఖానలో ఉంది. ఆ మంచం పక్కనే భార్య భూలికి మాటిచ్చాడు, వచ్చే నాట్లకు నిన్నూ పిల్లనూ కప్పు కింద పండబెడతానని. మాట ఇవ్వడం మగవాడికి కష్టం కాదు గదా. కానీ ఇతను నిజంగానే ఒక పాత ట్రక్కు చట్రం మీద రేకుల గది కట్టించాడు. కిటికీ, తలుపు, పొయ్యికి ఒక గూడు. నాలుగు కుటుంబాల ఆడవాళ్లు అందులో పడుకోవచ్చు. దాన్ని జీపు వెనక తగిలించి లాక్కుపోవాలి, అంతే.

ఆ అంతే అనే మాట పైకి అనే హక్కు మాత్రం చంద్రుకు లేదు. జీపులో సగం అన్న జవహర్‌ది. మిగతా సగం మామ బీక్యా, అంటే భూలి తండ్రి, తన ఎడ్ల జతను అమ్మి ఇచ్చినది. చంద్రుకు మిగిలింది స్టీరింగు. నాట్లు లేనప్పుడు జవహర్ ఆ జీపులో జనాన్ని ఎక్కించుకుని కోదాడకూ సూర్యాపేటకూ మధ్య తిప్పుతాడు. బస్సును దాటిపోకపోతే అతనికి ఆ పూట అన్నం సయించదు.

"ఏడాదిల పది నెలలు ఉరికే బండికి రెండు నెలల కోసం లాగే క్రౌన్ ఎందుకురా?" అన్నాడు జవహర్.

"గా పది నెలలు నీయి. నా బిడ్డకు గీ రెండు నెలలే," అన్నాడు బీక్యా.

సంగతి తండా పంచాయితీకి ఎక్కింది. ఆ పంచాయితీకి ఒక గర్వం ఉంది. దాని ముందుకు వచ్చిన వాడెవడూ ఓడిపోయి ఇంటికి పోలేదు. గొడ్డు తగాదా అయినా, గోడ తగాదా అయినా, చెరి సగం చేసి పంపుతుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా విని తండా నాయక్ తీర్పు చెప్పాడు.

"జీపుకు ఇరుసులు రెండున్నయి గదా. ముంగటి దాంట్ల బీక్యా అన్న క్రౌన్, ఎన్క దాంట్ల జవహర్ అన్న క్రౌన్. ఇగ ఖతం."

అందరికీ బాగా నచ్చింది. భూలి గడప దగ్గర నిలబడి, "ఆ గదిల పండేది నేను. నన్నడిగినోడు లేడు," అంది. అప్పటికే అందరూ లేచి తువ్వాళ్లు దులుపుకుంటున్నారు.

నాగేశ్వర్ రావు ఆ తీర్పు విని తల పట్టుకున్నాడు. "ముందు చక్రాలది ఒక లెక్క, వెనక చక్రాలది ఇంకో లెక్క అయితే రెండూ పీక్కుంటాయయ్యా. మధ్యలో గేర్‌బాక్స్ పగిలిపోద్ది."

"పంచాయితీ అయిపోయింది సార్."

"అయితే బిగిస్తాను. ఒక్కటి గుర్తుంచుకో. ముందు చక్రాలకు జోరిచ్చే ఫోర్‌వీల్ గేరు జన్మలో వెయ్యమాక. ఒట్టి వెనక చక్రాలతోనే నడుపుకో."

అంటే మామ పట్టుబట్టి తెప్పించిన క్రౌన్ ఊరికే తిరుగుతూ ఉంటుందన్నమాట. ఈ మాట తండాలో చెబితే బీక్యా ఓడిపోయినట్టు. చంద్రు చెప్పలేదు. పెద్దమనిషిని చిన్నబుచ్చడం ఇష్టం లేక నోరు మూసుకున్నాడు, దాన్నే మంచితనం అనుకున్నాడు.

బయల్దేరిన రోజు జీపులో ముందు సీటు బీక్యాది, వెనక సీటు జవహర్‌ది, గదిలో ఆడవాళ్లూ పిల్లలూ. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా రోడ్డు చదునుగానే ఉంది కాబట్టి జీపు మూలుగుతూనైనా వచ్చింది. త్రిపురారం ఇంకా రెండు మైళ్లుందనగా కాలువ వంతెన ఎక్కే ఎత్తు వచ్చింది. సగం ఎక్కి జీపు ఆగిపోయింది. ఆడవాళ్లు దిగి గది చక్రాల కింద రాళ్లు పెట్టారు. మళ్లీ తోలితే వెనక నుంచి పొగ, మాడు వాసన తప్ప బండి అంగుళం కదల్లేదు.

"జవహర్ క్రౌన్ తోని అయితలేదు. నాది వెయ్యి," అన్నాడు బీక్యా, అందరికీ వినిపించేలా.

చంద్రు చెయ్యి గేరు మీదే ఆగింది. వెయ్యనంటే ఎందుకని అడుగుతారు. చెబితే ఇంతమంది ముందు మామ పరువు పోతుంది. వేశాడు. జీపు ఒక్కసారి బలంగా ముందుకు దూకింది, పది గజాలు పోయింది, కింద ఇనుము పగిలిన చప్పుడైంది. రోడ్డు మీద నూనె మడుగు కట్టింది.

నారు ముదిరిపోతోందని వీళ్ల కోసం ఎదురొస్తున్న రైతు భిక్షపతి ట్రాక్టరు అప్పుడే అక్కడికి వచ్చింది. భూలి ఎవరినీ అడగలేదు. గదిని జీపు నుంచి విప్పించి ట్రాక్టరుకు తగిలించింది, ఆడవాళ్లను ఎక్కించింది.

"నేనూ వస్త," అన్నాడు చంద్రు.

"జీపు కాడ ఉండు. మీ పంచాయితీ ఇంక అయిపోలే గదా," అంది భూలి. తారను ఎత్తుకుని తలుపు వేసుకుంది. గది ఎత్తు ఎక్కి అవతలికి దిగిపోయింది.

వాన మొదలైంది. ముగ్గురు మగవాళ్లూ కాలువ గట్టు మీద ఒక గోనెసంచి కప్పుకుని కూర్చున్నారు. చంద్రు ఇక ఆపుకోలేకపోయాడు.

"మామా, ఆ గేరు వెయ్యొద్దని మెకానిక్ సారు నాకు ముందే చెప్పిండు."

"నాకూ చెప్పిండు," అన్నాడు బీక్యా. "జీపు తేనీకి వచ్చిన దినం, నిన్ను చాయకు పంపి."

"మరెందుకు వెయ్యమంటివి?"

"అందరు సూస్తున్నరు. అడగకపోతే నాది ఉత్త క్రౌన్ అని నేనే ఒప్పుకున్నట్టయితది. నీకూ చెప్పిండని ఎరికే, నువ్వు ఎట్లాగూ వెయ్యవనుకున్న."

జవహర్ గోనెసంచిని ఇంకాస్త తన వైపు లాక్కున్నాడు. "నన్ను గూడ పిలిసి చెప్పిండు. బీక్యా మామ బాధపడతడని నేనే ఎవలకు చెప్పలే," అన్నాడు.

చంద్రుకు నవ్వు రాలేదు, ఏడుపే వచ్చింది. ముగ్గురికీ తెలుసు. తెలియనిది భూలి ఒక్కదానికే. ఆమెకు తెలిసి ఉంటే తండా నడుమ నిలబడి ఆ రోజే అందరికీ చెప్పేది.