పీరమ్మ చదివిన డబ్బా

నేను ఒక శెనగనూనె డబ్బాను. ఆదోనిలో ఓ మిల్లు నూనె మోసి, ఖాళీ అయ్యాక వీధిన పడ్డాను. రేకుల పని చేసే ఖాజామొద్దీన్ నా మూతకు చీలిక కోసి, ఒంటికి పచ్చరంగు పూసి, తెల్లటి తెలుగు అక్షరాలతో ‘అల్లా పేరున్న కాగితాలు ఇందులో వేయండి’ అని రాశాడు. దూదేకులవాళ్ల వీధిలో మసీదు గేటుకు వేలాడదీశాడు. నూనె జిడ్డు బతుకు నాది, ఒక్కసారిగా గౌరవం వచ్చిపడింది. ఆ రోజులే వేరు.

చిరిగిన ఖురాన్ పుటలు, పాత క్యాలెండర్లు నాలో పడేవి. నిండగానే ఇమాం సాబు తీసుకెళ్లి, ఎవరూ తొక్కని చోట గుంట తీసి పూడ్చేవాడు. కొందరు హడావుడిలో కరెంటు బిల్లులు కూడా పడేసి, పెద్ద పుణ్యం మూటగట్టుకున్నట్టు మొహం పెట్టుకుని వెళ్లేవాళ్లు. నాకు నవ్వొచ్చేది.

పీరమ్మ అలా కాదు. పరుపులు కుట్టుకుని బతికే మనిషి, ఏ అక్షరమూ రాదు. దారిలో ఉర్దూ రాత కనబడితే చాలు, అల్లా పేరుంటుందని ఎత్తి, దుమ్ము దులిపి, కళ్లకద్దుకుని నా దగ్గరికి తెచ్చేది. వాటిలో సగం సినిమా ప్రకటనలే. ఆమె చేతులంటే నాకు ఎంత ఇష్టమో!

ఓసారి కోడలు మస్తానీతో వచ్చింది. అలాంటి కాగితమే ఒకటి నాలో వేసి, అప్పటిదాకా తిన్న బొరుగుల పొట్లాన్ని ఉండచుట్టి కాలువలోకి విసరబోయింది. మస్తానీ చెయ్యి పట్టుకుంది.

“ఆగత్తా! పెండ్లి పత్రిక అది. పైన అల్లా పేరుండాది.”

“తెలుగులోనా?”

“ఊ, తెలుగులోనే.”

పీరమ్మ మొహం పాలిపోయింది. “ఇన్నేండ్లూ తెలుగు కాయితాలన్నీ పొయ్యిలో పెడ్తి గదే!”

ఆ మాట విని ఇమాం సాబు బయటికొచ్చాడు. “తెలీక చేసినదానికి తప్పు లేదమ్మా.”

“ఇప్పుడు తెలిసె గదా సాబూ,” అంది పీరమ్మ. ఆ సాయంత్రమే కోడలి దగ్గర కూర్చుని ఆ ఒక్క మాట దిద్దడం మొదలుపెట్టింది. తర్వాత ఏ పొట్లం విప్పినా ముందు దానికోసం వేలితో వెతుక్కునేది.

ఏళ్లు గడిచాయి. నా అడుగు తుప్పు తినేసింది. మసీదు కమిటీవాళ్లు మెరిసే స్టీలు డబ్బా తెచ్చి, నన్ను పాత సామాన్ల బండి మీదికి విసిరారు. నా పని అయిపోయిందనుకున్నాను. గేటు దాటగానే పీరమ్మ ఎదురొచ్చింది. నా ఒంటి మీది రాతపై వేలు పెట్టింది.

“అ... ల్లా.”

బండికి అడ్డంగా నిలబడి, “ఈ పేరు తీస్కపోయి తూకానికేస్తారా?” అని గట్టిగా అరిచింది.

“అయ్యో, మేం చూడలేదమ్మా,” అన్నాడు కమిటీ పెద్ద.

పీరమ్మ నన్ను కొంగుతో తుడిచి ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు వాళ్ల అటక మీద ఉన్నాను. పీరమ్మ లేదు. మస్తానీ అప్పుడప్పుడు ఎక్కి దుమ్ము దులుపుతుంది. అన్నేళ్లు నా మీది రాతను వీధంతా చూసింది. చదివింది మాత్రం పీరమ్మ ఒక్కతే.